ఆపరేషన్ తర్వాత తగ్గిన బరువు మళ్లీ పెరిగినప్పుడు: గుణుపురం సోదరికి సమాధానం

ఒడిశాలోని గుణుపురం నుంచి ఒక ఉపాధ్యాయురాలు అడిగిన ప్రశ్న ఇది. ఆమె వయస్సు 43 ఏళ్లు, ఎత్తు 158 సెంటీమీటర్లు. 2019లో విశాఖపట్నంలో బరువు తగ్గేందుకు పొట్టను చిన్నది చేసే స్లీవ్ శస్త్రచికిత్స చేయించుకునే నాటికి 112 కిలోలు ఉన్నారు, ఏడాదిన్నరలో 71 కిలోలకు దిగారు, ఇప్పుడు 89 కిలోలు ఉన్నారు. ఆపరేషన్‌తో ఆగిపోయిన షుగర్ మందు ఆరు నెలల కిందట గ్లిమెపిరైడ్ రూపంలో మళ్లీ మొదలైంది. మోకాళ్ల నొప్పికి మందుల షాపులో అడిగి బిళ్లలు వేసుకుంటున్నారు. "నేను తినేది చాలా తక్కువ. పొద్దున ఒక గిన్నె పఖాళ (నీళ్లలో నానిన చల్దన్నం), మధ్యాహ్నం బడిలో ఏమీ తినబుద్ధి కాదు, రాత్రి రెండు చపాతీలు. నా పొట్ట సాగిపోయిందా? ఐదు రోజులు ద్రవాహారం మాత్రమే తీసుకుంటే పొట్ట మళ్లీ చిన్నదవుతుందని ఒక వీడియోలో చెప్పారు, చేయవచ్చా? రెండో ఆపరేషన్ కావాలా? సర్జన్ గారికి ముఖం చూపించలేకపోతున్నాను" అని రాశారు. రోజుకు ఐదు సార్లు టీ, టీతో రెండేసి బిస్కెట్లు, సాయంత్రం ఇంట్లో అందరితో పాటు కాస్త ముఢి (మరమరాలు), మిక్చర్ ఉంటాయని చివర ఒక్క వాక్యంలో చేర్చారు.

అమ్మా, అన్నిటికంటే ముందు ఆ ఐదు రోజుల ద్రవాహారం గురించి చెప్పాలి, ఎందుకంటే మీ విషయంలో అది వట్టి వ్యర్థ ప్రయత్నమే కాదు, ప్రమాదం కూడా. మీరు గ్లిమెపిరైడ్ వాడుతున్నారు. ఆ మందు మీరు తిన్నారా లేదా అన్నది చూడకుండా క్లోమగ్రంథి చేత ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తుంది. అన్నం, చపాతీ ఒక్కసారిగా మానేసి పలచటి రసం మీదా మజ్జిగ మీదా ఉంటూ ఆ బిళ్ల వేసుకుంటే రక్తంలో చక్కెర పడిపోయి, చెమటలు పట్టడం, వణుకు, కళ్లు తిరగడం, ఒక్కోసారి స్పృహ తప్పడం వరకు వెళ్లవచ్చు. ఇంత ప్రమాదానికి ఓర్చుకున్నా ఫలితం దక్కదు. ఐదు రోజుల్లో పొట్ట గోడ కుంచించుకుపోవడం అనేది జరగదు. ఆ రోజుల్లో తగ్గే రెండు మూడు కిలోలు చాలావరకు నీరు, ఆరో రోజు నుంచి అది తిరిగి చేరుతుంది. దయచేసి ఆ ఆలోచన మానుకోండి.

నేను పర్లాకిమిడిలో పుట్టి పెరిగినదాన్ని. పద్నాలుగేళ్లుగా విశాఖపట్నంలో, బరువు తగ్గే శస్త్రచికిత్సలు చేయించుకున్నవారికి ఆహార నిపుణురాలిగా పనిచేస్తున్నాను. ముఖం చూపించలేకపోతున్నానని మీరు రాసిన మాట నన్ను చాలాసేపు వదలలేదు, దానికి కారణం ఉంది. ఉద్యోగంలో చేరిన రెండో ఏట, బరువు పెరిగి వచ్చిన ఒకావిడను నలుగురి ముందు "ఇంత ఖర్చు పెట్టి ఆపరేషన్ చేయించుకుని ఇలా చేస్తారా" అన్నాను. ఆమె మరి మూడేళ్లు రాలేదు. వచ్చేసరికి అరికాళ్లు మొద్దుబారి, రక్తం బాగా తగ్గి, నడవడానికి మనిషి సాయం కావలసిన స్థితిలో ఉన్నారు. విటమిన్లు మానేసి ఎంతకాలమైందో ఆమెకే గుర్తు లేదు. ఆమె రాకపోవడానికి కారణమైన మాట నాది. బరువు పెరగడం కంటే, పెరిగిందన్న సిగ్గుతో వైద్యులకు దూరం కావడం ఎక్కువ హాని చేస్తుందని నేను నేర్చుకున్నది అక్కడే. మీ సర్జన్ మిమ్మల్ని మందలిస్తే అది వారి పొరపాటు అవుతుంది, దానికి భయపడి మీరు వెళ్లడం మానవద్దు.

ఇక మీ అంకెలు చూద్దాం. మీరు 41 కిలోలు తగ్గారు, అందులో 18 తిరిగి వచ్చాయి, 23 ఇంకా రాలేదు. ఆపరేషన్ నాటి బరువుతో పోలిస్తే ఈ రోజుకీ మీరు సుమారు 20 శాతం తక్కువ ఉన్నారు. దీన్ని "ఆపరేషన్ పోయింది" అనడం సరికాదు. అలాగని పట్టించుకోనక్కరలేదని కూడా అనను, ఎందుకంటే షుగర్ తిరిగి తల ఎత్తింది, మోకాళ్లు బరువును మోయలేకపోతున్నాయి. స్వీడన్‌లో 1987లో మొదలుపెట్టి వేలాది మందిని ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనంలో, గ్యాస్ట్రిక్ బైపాస్ (పొట్టను చిన్న సంచిగా చేసి పేగుకు కలిపే మరో రకం ఆపరేషన్) చేయించుకున్నవారు మొదటి రెండేళ్లలో సగటున 32 శాతం బరువు తగ్గారు. పదేళ్ల నాటికి ఆ తగ్గుదల 25 శాతం దగ్గర ఉంది. మీది స్లీవ్ కనుక ఈ అంకెలు మీకు యథాతథంగా వర్తించవు గాని, కనిష్ఠ బరువుకు చేరాక కొంత తిరిగి రావడం చాలామంది శరీరాల్లో జరుగుతుందని తెలుసుకోవడానికి ఇది చాలు. మీకు కొంతకు మించి వచ్చింది. ఆ మించినదానికి కారణాలు వెతకాలి, వెతికితే దొరుకుతాయి.

పొట్ట సాగిపోయిందా అని అడిగారు. స్లీవ్ ఆపరేషన్‌లో జీర్ణకోశంలో దాదాపు 75 నుంచి 80 శాతం తీసివేసి, మిగిలినదాన్ని అరటికాయ ఆకారంలో సన్నని గొట్టంలా కుడతారు. తీసివేసిన పైభాగమే ఆకలిని పుట్టించే గ్రెలిన్ అనే హార్మోనుకు ముఖ్యస్థానం కాబట్టి మొదటి ఏడాది ఆకలి పెద్దగా తెలియదు. ఏళ్లు గడిచేకొద్దీ గొట్టం కొంత వెడల్పు అవుతుంది, ఆకలి కొంత తిరిగి తెలుస్తుంది, ఈ రెండూ సహజమే. గొట్టంలో ఒక భాగం అసాధారణంగా సంచిలా ఉబ్బిందా అన్నది ఎండోస్కోపీ, బేరియం ఎక్స్‌రే చేస్తేనే తెలుస్తుంది. అయితే మీరు ఇంట్లో చేసుకోగల చిన్న పరిశీలన ఒకటి ఉంది. ఒక పూట రెండు ఉడికించిన గుడ్లు, ఒక చిన్న గిన్నె గట్టి కూర, నీళ్లు తాగకుండా, బాగా నమిలి ఇరవై నిమిషాల్లో తిని చూడండి. అక్కడికే నిండుగా అనిపించి ఇక వద్దనిపిస్తే మీ గొట్టం ఇంకా పనిచేస్తున్నదని అర్థం. నా దగ్గరకు వచ్చి పొట్ట సాగిపోయిందని చెప్పినవారిలో ఎక్కువమంది ఈ పరిశీలనలో రెండో గుడ్డు పూర్తి చేయలేకపోయారు.

మరి బరువు ఎలా పెరిగింది? ఈ ఆపరేషన్ అడ్డుకోగలిగేది గట్టి ఆహారాన్ని మాత్రమే. మాంసం ముక్క, గుడ్డు, శనగలు, కాయగూరలు ఆ సన్నని గొట్టంలో నిలుస్తాయి, గోడను ఒత్తుతాయి, కడుపు నిండిందని మెదడుకు తెలియజేస్తాయి. మెత్తనిది, నానినది, పలచనిది, నోట్లోనే కరిగిపోయేది అయితే అక్కడ నిలవకుండా కిందికి జారిపోతుంది. జారిపోయే ఆహారానికి ఆపరేషన్ జరగని పొట్టకీ, జరిగిన పొట్టకీ పెద్ద తేడా లేదు. మీ జాబితాలో ఉన్న పఖాళ, టీలో ముంచిన బిస్కెట్టు, ముఢి, మిక్చర్ అన్నీ జారిపోయేవే. మీరు తక్కువ తింటున్నారన్న మాట నేను నమ్ముతున్నాను. పళ్లెంలో పెట్టుకుని తినేది నిజంగానే తక్కువ. కాని జారిపోయే తిండిని మనం తిండిగా లెక్కపెట్టుకోము.

మీరు రాసినదాన్నే లెక్క వేసి చూపిస్తాను. ఒక కప్పు టీలో రెండు చిన్న చెంచాల పంచదార వేస్తే 40 కేలరీలు, పాలతో మరో 45 చేరి 85 అవుతుంది. ఐదు కప్పులకు 425. పది బిస్కెట్లు చిన్నవే అయినా సుమారు 250. సాయంత్రం రెండు గుప్పెళ్ల ముఢి, ఒక గుప్పెడు మిక్చర్, పైన చెంచాడు ఆవనూనె కలిస్తే మరో 350. అంటే భోజనమని మీరు అనుకోనివే రోజుకు వెయ్యి కేలరీలు దాటుతున్నాయి. మరోపక్క మాంసకృత్తుల లెక్క చూస్తే, పఖాళ నుంచి చపాతీ వరకు అన్నీ కలిపినా 35 గ్రాములకు చేరడం కష్టం. ఆపరేషన్ అయినవారికి రోజుకు కనీసం 60 గ్రాములు కావాలి, చాలామందికి 80 దాకా కావాలి. మాంసకృత్తులు చాలకపోతే కండ కరుగుతుంది, కండ కరిగితే శరీరం కూర్చున్నచోట ఖర్చుచేసే శక్తి కూడా తగ్గుతుంది, ఆపైన సాయంత్రానికి ఆకలి ముంచుకొచ్చి చేయి ముఢి డబ్బా మీదికే పోతుంది. మధ్యాహ్నం ఏమీ తినకపోవడం మంచి అలవాటని మీరు అనుకుంటున్నారేమో, మీ సాయంత్రపు చిరుతిండి పుట్టేది ఆ ఖాళీ మధ్యాహ్నంలోనే.

పఖాళ గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే విశాఖలో కూర్చుని "అది మానేయండి" అని ఒక్క మాటలో చెప్పే నిపుణులు మన రాయగడ, గజపతి జిల్లాల ఎండను ఎరగరు. మనకు అది చల్దన్నం, ఒడియావారికి పఖాళ. మార్చి 20న పఖాళ దిబస అని ప్రత్యేకంగా ఒక రోజే జరుపుకుంటారు. వేసవిలో వడదెబ్బ నుంచి కాపాడేది అదేనని మన ఇళ్లలో పెద్దల నమ్మకం. పులిసిన అన్నంలో చెడు ఏమీ లేదు. కాని ఆపరేషన్ అయినవారికి మొదటి రోజు నుంచీ మేము చెప్పే నియమం, అన్నంతో పాటు నీళ్లు తాగకూడదని, తిన్నాక కనీసం అరగంట ఆగాలని. పఖాళ అంటేనే అన్నమూ నీళ్లూ కలిసి ఉన్నది. ఆ నీళ్లు మెతుకులను తోసుకుంటూ గొట్టంలోంచి దిగిపోతాయి, గంటన్నర తిరగకుండానే మళ్లీ ఆకలి వేస్తుంది. అందుకని నేను చెప్పేది రెండింటినీ విడదీయమని. మనం తరవాణి అని, ఒడియాలో తోరాణి అని పిలిచే ఆ పులిసిన నీటిని వడగట్టి, ఉప్పు, నిమ్మాకు, కాస్త జీలకర్ర వేసి పదకొండు గంటల ప్రాంతంలో విడిగా తాగండి. దాహం తీరుతుంది, చలవా చేస్తుంది. పొద్దున తినవలసింది మాత్రం గట్టిది కావాలి. వారానికి ఒకరోజు పఖాళ తినాలనిపిస్తే ముందు వేయించిన చేప ముక్కో, గుడ్డో తిని, ఆ తర్వాత నీళ్లు పిండేసిన నాలుగు ముద్దలు తినండి.

చోడి అంబలి విషయంలోనూ ఇదే చిక్కు ఉంది. చోళ్లు మంచివని అందరికీ తెలుసు, ప్రభుత్వాలు కూడా ప్రోత్సహిస్తున్నాయి, కోరాపుట్ వైపు మండియా పేజ్ లేని పొద్దు ఉండదు. చోళ్లలో సున్నం (కాల్షియం) బాగా ఉంటుందన్నది నిజం, కాని మాంసకృత్తులు 100 గ్రాముల పిండిలో 7 గ్రాములకు కొద్దిగా మించి ఉంటాయి, అంతే. అంబలిగా కాచి పెద్ద గ్లాసుతో తాగితే అది కూడా జారిపోయే తిండే. రాయగడకు చెందిన ఒక విశ్రాంత రైల్వే ఉద్యోగి, ఆపరేషన్ అయిన ఐదేళ్లకు 14 కిలోలు పెరిగి నా దగ్గరకు వచ్చారు. నూనె వస్తువు ముట్టరు, తీపి ముట్టరు, రోజుకు మూడు పెద్ద గ్లాసుల అంబలి మాత్రం ఆరోగ్యమని తాగేవారు. ఆ పిండినే రొట్టెగా కాల్చి, గుడ్డుతోనో ఉలవల కూరతోనో ఒకటి మాత్రమే తినమని చెప్పాం. అంతకు మించి పెద్దగా ఏమీ మార్చలేదు. ఐదు నెలల్లో ఏడు కిలోలు తగ్గారు. అందరికీ అంతే తగ్గుతుందని చెప్పను, ఆయనకు ఉన్న లోపం అదొక్కటే కాబట్టి అలా కుదిరింది.

మీరు వెంటనే మొదలుపెట్టవలసిన మార్పు పొద్దున పూట దగ్గర ఉంది. లేచిన గంటలోపు రెండు గుడ్లు తినండి, 12 గ్రాములకు పైగా మాంసకృత్తులు అక్కడే వస్తాయి. బడికి డబ్బాలో అన్నం పట్టుకెళ్లనక్కరలేదు. ఉడికించిన శనగలు, లేదా ఎండువి 25 గ్రాముల మీల్‌మేకర్‌తో చేసిన పొడి కూర, పక్కన కీరదోస ముక్కలు చాలు. మీల్‌మేకర్‌లో సగానికి పైగా మాంసకృత్తులే కనుక ఆ కొద్దిపాటి కూరలోనే 13 గ్రాములు ఉంటాయి. మన ప్రాంతానికి ఒక అదృష్టం ఉంది, ఏ మిఠాయి దుకాణంలో అడిగినా పంచదార కలపని ఛెనా (విరిచిన పాల ముద్ద) తూకానికి ఇస్తారు. రసగుల్లాగానో ఛెనాపోడగానో మారకముందు అది మంచి ఆహారం. 50 గ్రాముల ఛెనాలో 9 గ్రాముల దాకా మాంసకృత్తులు ఉంటాయి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేసి పొడిగా వేయించుకుంటే సాయంత్రం ముఢి స్థానంలో సరిపోతుంది. రాత్రికి చేప దొరికితే అరచేతి మందం ముక్క, లేని రోజు గట్టి పప్పు ఒక గిన్నె, కూర, చివర ఖాళీ ఉంటే ఒక చపాతీ తినండి. ముందు మాంసకృత్తులు, తర్వాత కూర, ఆఖరున అన్నమో చపాతీయో అన్న వరుస మాత్రం తప్పకండి. మార్గశిర గురువారాలు, కార్తీక మాసం నీచు ముట్టరని తెలుసు కాబట్టి ఆ రోజులకు ఛెనా, మీల్‌మేకర్, ఉలవలు, పెసలు ముందే ఇంట్లో ఉంచుకోండి. నోములున్న నెలలోనే బరువు పెరిగినవారిని నేను చాలామందిని చూశాను, ఉపవాసం పేరుతో సగ్గుబియ్యం, బంగాళాదుంప, అరటిపండ్లే రోజంతా నడుస్తాయి కనుక.

టీ మానమని నేను అనను. ఐదు కప్పులు రెండు కావాలి, పంచదార వారానికి అరచెంచా చొప్పున తగ్గిపోవాలి, బిస్కెట్టు పూర్తిగా పోవాలి. బిస్కెట్లు ఇంట్లో ఉంటే మీరు తినకుండా ఉండలేరని నాకు తెలుసు, ఆపరేషన్ కాని నేను కూడా ఉండలేను, అందుచేత కొనకపోవడమే దారి. మీ అత్తగారు "ఏమీ తినడం లేదు, కాస్త ముఢి అయినా తిను" అని ముందు పెడతారేమో. అది వారి ప్రేమ. ఆ వేళకు మీ ఛెనా గిన్నె చేతిలో ఉంటే వారినీ నొప్పించనక్కరలేదు.

ఇప్పుడు మందుల విషయం. బరువు పెరిగినప్పుడు తిండినే అనుమానిస్తాం గాని, బరువు పెంచే మందులు ఉంటాయని చాలామందికి తెలియదు. గ్లిమెపిరైడ్ వాటిలో ఒకటి. పైగా చక్కెర కొద్దిగా పడిపోయినప్పుడల్లా ఏదో ఒకటి తినాలనిపిస్తుంది, పూటల మధ్య మీకు ఆరాటం వస్తుంటే అది అలాంటిదేమో గ్లూకోమీటర్‌తో చూసుకోవాలి. దాన్ని సొంతంగా ఆపేయవద్దు. మీకు స్లీవ్ జరిగిందని, బరువు పెరుగుతున్నదని, మెట్‌ఫార్మిన్ వంటి బరువు పెంచని మందుకు మార్చే వీలుందా అని మీ వైద్యుణ్ణి అడగండి. మోకాళ్లకు వేసుకునే బిళ్లలు నన్ను ఇంకా ఎక్కువ కలవరపెడుతున్నాయి. చీటీ లేకుండా కాగితంలో చుట్టి ఇచ్చే నాలుగు రకాల బిళ్లల్లో కొన్నిచోట్ల స్టెరాయిడ్ కూడా ఉంటుంది. నొప్పి చిటికెలో తగ్గుతుంది, దానితో పాటు ఆకలి, షుగర్, బరువు మూడూ పెరుగుతాయి. అందులో స్టెరాయిడ్ ఉందని తేలినా, ఎక్కువ కాలంగా వాడుతుంటే ఒక్కసారిగా ఆపడం ప్రమాదకరం, వైద్యుల పర్యవేక్షణలో క్రమంగా తగ్గించాలి. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ వంటి నొప్పి మందులు కడుపులో పుండ్లకు, షుగర్ ఉన్నవారిలో మూత్రపిండాల దెబ్బకు దారితీయవచ్చు. బైపాస్ అయినవారు వాటికి దూరంగా ఉండాలి, స్లీవ్ అయినవారు కూడా అడగకుండా వాడకూడదు. పారాసిటమాల్‌తో సరిపెట్టుకోగలరేమో వైద్యులు చెబుతారు. ఈ సమాధానం చదివే మరికొందరి కోసం ఇంకొక మాట. గుడాకు, చుట్ట, జర్దా ఏ రూపంలో ఉన్నా పొగాకు మానాలి, బైపాస్ అయినవారిలో పొగ తాగడం కుట్టు దగ్గర పుండ్లు తెస్తుంది. సారా, హండియా ఆపరేషన్ తర్వాత చాలా త్వరగా తలకెక్కుతాయి.

రక్తపరీక్షలకు విశాఖ దాకా రానక్కరలేదు, గుణుపురంలోనో రాయగడలోనో నమూనా ఇవ్వవచ్చు. హిమోగ్లోబిన్, ఫెరిటిన్, బి12, ఫోలేట్, విటమిన్ డి, కాల్షియం, పారాథైరాయిడ్ హార్మోను, థైరాయిడ్, క్రియాటినిన్, కాలేయ పరీక్షలు, హెచ్‌బిఎ1సి (మూడు నెలల సగటు షుగర్ పరీక్ష) చేయించండి. రక్తహీనత ఉంటే హెచ్‌బిఎ1సి అంకె తప్పుదారి పట్టించవచ్చు కనుక పరగడుపు షుగర్ కూడా జతచేయండి. థైరాయిడ్ మందగిస్తే బరువు పెరగడమే కాక నీరసం వచ్చి నడవడమూ తగ్గుతుంది. విటమిన్లు ఎప్పుడు మానేశారో మీరు రాయలేదు. అవి జీవితాంతం వాడవలసినవి. కాల్షియం సిట్రేట్ రోజుకు 1200 నుంచి 1500 మిల్లీగ్రాములు అవసరమవుతుంది, ఒక్కసారిగా కాక 500, 600 చొప్పున విడగొట్టి వేసుకోవాలి. నెలసరి వస్తున్న స్త్రీలకు ఇనుము 45 నుంచి 60 మిల్లీగ్రాములు కావాలి. ఈ రెంటికీ మధ్య రెండు గంటల ఎడం ఉండాలి. టీతో ఇనుము బిళ్ల వేసుకుంటే ఒంటికి పట్టదు, రోజుకు ఐదు సార్లు టీ తాగేవారికి ఇది ముఖ్యం.

వ్యాయామంలో నడక మంచిదే, తెల్లవారుజామున వంశధార ఒడ్డున గాలి చల్లగా ఉన్నప్పుడు ఇరవై నిమిషాలు నడవండి. కాని మీకు అంతకంటే అవసరమైనది కండను నిలబెట్టే కసరత్తు. చేతులు లేని గట్టి కుర్చీలో కూర్చుని, చేతులు ఆనించకుండా లేచి నిలబడి మళ్లీ కూర్చోండి, పూటకు ఎనిమిది సార్లతో మొదలుపెట్టండి. తొడ కండ గట్టిపడితే మోకాలి నొప్పి కూడా తగ్గుతుంది.

ఇంత చేసినా మూడు నెలల్లో బరువు కదలకపోతే అది మీ పట్టుదల లోపం కాదు, వైద్యం తర్వాతి మెట్టు ఎక్కవలసి ఉందని అర్థం. లిరాగ్లుటైడ్, సెమాగ్లుటైడ్, టిర్జెపటైడ్ అనే ఇంజెక్షన్లు ఇప్పుడు మన దేశంలో దొరుకుతున్నాయి. టిర్జెపటైడ్ 2025లో వచ్చింది. ఆపరేషన్ తర్వాత ఆశించిన ఫలితం దక్కనివారికి లిరాగ్లుటైడ్ ఇచ్చి చూసిన ఒక బ్రిటిష్ పరిశోధన 2023లో ప్రచురితమైంది. 24 వారాల్లో మందు తీసుకున్నవారు సుమారు 9 శాతం తగ్గారు, ఉత్తుత్తి ఇంజెక్షన్ తీసుకున్నవారిలో దాదాపు మార్పు లేదు. షుగర్ తిరిగి వచ్చిన మీవంటివారికి ఇవి రెండు విధాలా పనికిరావచ్చు. అయితే వీటితో పాటు గ్లిమెపిరైడ్ అదే మోతాదులో కొనసాగితే చక్కెర పడిపోయే ముప్పు ఉంటుంది కాబట్టి మోతాదు మార్చాలి. ఆకలి మరింత తగ్గి మాంసకృత్తులు ఇంకా పడిపోతాయి కాబట్టి ఆహార నిపుణుల పర్యవేక్షణ ఉండాలి. మానేశాక బరువు తిరిగి రావడం సాధారణమని కూడా ముందే తెలిసి మొదలుపెట్టాలి. గర్భం ధరించే ఆలోచన ఉన్నా, గతంలో క్లోమగ్రంథి వాపు వచ్చి ఉన్నా, కుటుంబంలో ఎవరికైనా మెడల్లరీ రకం థైరాయిడ్ క్యాన్సర్ ఉన్నా తప్పక చెప్పండి. ఎవరో సగం ధరకు ఇస్తామన్నారని ఆన్‌లైన్‌లో కొనవద్దు.

రెండో ఆపరేషన్ గురించి నా అభిప్రాయం స్పష్టంగా చెబుతాను. స్లీవ్‌ను బైపాస్‌గా మార్చడం సాధ్యమే. ఛాతీలో మంట, పుల్లటి తేన్పులు తీవ్రంగా ఉన్నవారికి, పరీక్షల్లో గొట్టం ఆకారంలో లోపం కనిపించినవారికి అది నిజంగా మేలు చేస్తుంది. కాని రెండోసారి తగ్గే బరువు సాధారణంగా మొదటిసారి కంటే తక్కువ, చిక్కులు మాత్రం ఎక్కువ. జారిపోయే తిండి అలవాటు మారకుండా బైపాస్ చేయించుకుంటే పఖాళ దానిలోంచీ జారిపోతుంది. మీకు రాత్రి పడుకున్నాక ఛాతీలో మంట వస్తుందో లేదో రాయలేదు. వస్తుంటే ఆ విషయం సర్జన్‌కు మొదట చెప్పండి, అప్పుడు ఆలోచన మారుతుంది.

వెళ్లే ముందు ఆసుపత్రికి ఫోన్ చేసి, ఆహార నిపుణురాలినీ సర్జన్‌నూ ఒకే రోజు కలిసేలా సమయం అడగండి. గుణుపురం నుంచి ప్యాసింజర్ రైల్లో రావడానికి సగం రోజు పడుతుంది కాబట్టి ఇద్దరి కోసం రెండు సార్లు తిరగనక్కరలేకుండా ఉంటుంది. 2019 నాటి డిశ్చార్జి కాగితం, వాడుతున్న బిళ్లల అట్టలన్నీ, మూడు రోజుల తిండి రాసిన నోటుపుస్తకం వెంట ఉండాలి. ఆ పుస్తకంలో వేళ కూడా రాయండి, చిరుతిండి చెంచాడైనా వదలకండి. డిశ్చార్జి కాగితం నకలు ఒకటి మీ ఊరి వైద్యుడికి ఇవ్వండి. ఆపరేషన్ ఆంధ్రలో, రోజువారీ వైద్యం ఒడిశాలో జరిగే మనవంటివారికి ఈ ఒక్క కాగితం లేకనే తప్పు మందులు పడుతున్నాయి. ఇంతలో ఎప్పుడైనా వాంతులు ఆగకుండా రెండు రోజులు సాగినా, చూపు మసకబారినా, నడకలో తూలినా, నల్లటి విరేచనం అయినా విశాఖ దాకా ఆగకుండా దగ్గరలోని పెద్ద ఆసుపత్రికి, బ్రహ్మపురంలోని ఎం.కె.సి.జి. వైద్య కళాశాలకో కోరాపుట్‌లోని వైద్య కళాశాలకో వెళ్లండి. వాంతులతో వెళ్తే గ్లూకోజ్ ఎక్కించే ముందు థయామిన్ ఇవ్వమని, మీకు పొట్ట ఆపరేషన్ అయిందని అక్కడివారికి చెప్పమని ఇంట్లోవారికి ఇప్పుడే నేర్పి పెట్టండి.

మోకాళ్ల బిళ్లల పేర్లు, గ్లిమెపిరైడ్ మోతాదు, రాత్రి ఛాతీలో మంట ఉందా లేదా, విటమిన్లు మానేసి ఎంతకాలమైంది, ఈ నాలుగూ నాకు రాయండి. రెండు గుడ్ల పరిశీలన చేశాక ఎన్నో ముద్ద దగ్గర కడుపు నిండిందో కూడా రాస్తే, మీ బడి వేళలకు సరిపోయేలా వారం భోజనం రాసి పంపిస్తాను.